పొట్ట కండరాల నొప్పి, కోర్ బలహీనత: విజయవాడ, గుంటూరుల్లో ఫిజియోథెరపీ ఎంచుకునే ముందు

పొట్ట నొప్పి అనగానే మన ఇళ్ళల్లో ముందు గ్యాస్ అంటారు. వాము నీళ్ళు తాగిస్తారు, ఒక మాత్ర వేయిస్తారు, తగ్గకపోతే స్కానింగ్‌కి తీసుకెళ్తారు. రిపోర్టు నార్మల్ అని వస్తుంది. నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. మంచం మీద నుంచి లేస్తే పట్టేస్తుంది, దగ్గితే లాగేస్తుంది, నీళ్ళ బిందె ఎత్తితే కలుక్కుమంటుంది. ఇలాంటివాళ్ళలో కొందరికి బాధ పేగుల్లో ఉండదు, వాటిని కప్పి ఉంచే కండరాల్లో ఉంటుంది. మాత్రలు మార్చుకుంటూ పోతే నెలలు గడుస్తాయి తప్ప నొప్పి తగ్గదు.

సరే, ఫిజియోథెరపీ కావాలని తేలింది. ఎక్కడికి వెళ్ళాలి? విజయవాడ సూర్యారావుపేటలోనూ, గుంటూరు కొత్తపేటలోనూ వీధి పొడుగునా ఆసుపత్రి బోర్డులే. మా అక్కకి రెండో సిజేరియన్ తర్వాత పొట్ట వదులైపోయి నడుం నొప్పి పట్టుకుంది. మిర్చి యార్డులో బస్తాలు మోసే మా బాబాయికి పక్క కండరం పట్టేసింది. ఇద్దరి వెంటా నేనే తిరిగాను. ఆ తిరుగుడులో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పొట్ట మీద చెయ్యి వేసి పరీక్షించి, దగ్గరుండి మీ చేత వ్యాయామం చేయించే మనిషి ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్ళండి. ఫీజు, దూరం, మెషీన్లు అన్నీ ఆ తర్వాత చూసుకోవచ్చు.

ముందు డాక్టరా, ఫిజియోనా?

నొప్పితో పాటు జ్వరం ఉన్నా, వాంతులు ఆగకపోయినా, బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి జరిగినా ముందు డాక్టరుకే చూపించాలి. అపెండిక్స్ నొప్పి చాలాసార్లు అలాగే మొదలవుతుంది. మలంలో రక్తం, కళ్ళు పచ్చబడటం, పొట్ట గట్టిగా బిగుసుకుపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, నెల తప్పిన ఆడవాళ్ళకి కడుపులో నొప్పి రావడం కూడా ఈ కోవలోవే. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఫిజియో ఆలోచన పక్కన పెట్టండి.

దగ్గినప్పుడు పొట్ట మీదో గజ్జల్లోనో ఉబ్బు కనిపిస్తే హెర్నియా కావచ్చు. సర్జన్ చూడాలి. హెర్నియా రంధ్రం వ్యాయామంతో పూడిపోదు, ఎవరైనా పూడుతుందని చెబితే నమ్మకండి. ఆ ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి నొప్పి, వాంతులు మొదలైతే అర్ధరాత్రి అయినా క్యాజువాలిటీకి వెళ్ళాల్సిందే.

ఇవేవీ లేనప్పుడు ఒక చిన్న పరీక్ష పనికొస్తుంది. 1926లో కార్నెట్ అనే అమెరికన్ సర్జన్ చెప్పిన ఈ పద్ధతిని డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు. వెల్లకిలా పడుకోబెట్టి, బాగా నొప్పి ఉన్న చోట వేలితో నొక్కుతారు. వేలు అక్కడే ఉంచి, తల, భుజాలు కాస్త పైకి లేపమంటారు. పొట్ట కండరాలు బిగుసుకుంటాయి. నొప్పి అలాగే ఉన్నా, పెరిగినా అది పైనున్న గోడలోదై ఉండవచ్చు. తగ్గితే లోపలి అవయవానిదేమో చూడాలి. ఇంట్లో మీరు చేసుకుని తీర్పు చెప్పేసుకోవద్దు గానీ, మీరు వెళ్ళిన చోట ఇలాంటి పరీక్ష చేశారా లేదా అన్నది గమనించండి. నా దృష్టిలో మంచి క్లినిక్‌ని పోల్చుకోవడానికి ఇదే మొదటి గుర్తు.

ఇంకో రెండు సంగతులున్నాయి. నొప్పి ఒకే ఒక్క చోట, వేలి కొనతో చూపించగలిగేంత చిన్నగా ఉంటే అక్కడ నరం నొక్కుకుపోయి ఉండవచ్చు. దానికి డాక్టరు ఆ చోట మాత్రమే ఇచ్చే మత్తు ఇంజెక్షన్ అవసరం పడవచ్చు, ఫిజియో ఒక్కటే చాలకపోవచ్చు. పొట్టకి ఒకపక్క మాత్రమే మంట, చర్మానికి బట్ట తగిలినా ఓర్చుకోలేకపోవడం ఉంటే కొన్ని రోజులు చర్మాన్ని గమనించండి. సర్పిలో (షింగిల్స్ అనే వైరల్ జబ్బు) పొక్కులు రాకముందే నొప్పి మొదలవుతుంది. పొక్కులు వచ్చిన 72 గంటల్లోపు మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

కరెంటు పెట్టించుకోవాలా, వ్యాయామం చేయాలా?

ఫిజియో అంటే మన దగ్గర చాలామందికి కరెంటు పెట్టడమే. బాబాయిని మొదట తీసుకెళ్ళిన చోట అదే జరిగింది. ఒక కుర్రాడు తడి స్పాంజీల ప్యాడ్లు పొట్ట పక్కన పెట్టి, పట్టీ బిగించి, "చీమలు పాకినట్టు ఉందా బాబాయ్?" అని అడిగి మీట తిప్పి వెళ్ళిపోయాడు. గంట మోగింది. కాపడం ప్యాక్ పెట్టారు. "రేపు ఇదే టైముకి రండి" అన్నారు. రోజుకి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తావు, ఏ భుజం మీద మోస్తావు, మిరప ఘాటుకి దగ్గు వస్తుందా అని ఒక్కరూ అడగలేదు. ఆయన నొప్పికి కారణం ఆ మూడు ప్రశ్నల్లోనే ఉంది.

మెషీన్లు దండగని నేను అనను. ఐఎఫ్‌టీ, టెన్స్ లాంటి కరెంటు మెషీన్లు నొప్పిని కాసేపు మరిపిస్తాయి. నొప్పి వల్ల కదలలేని మనిషికి ఆ కాసేపు కూడా పెద్ద ఊరటే. ఆ ఊరట ఉన్నప్పుడే నాలుగు కదలికలు చేయిస్తే ఉపయోగం. ప్యాడ్లు తీసి ఇంటికి పంపేస్తే మర్నాటికి కథ మళ్ళీ మొదటికే వస్తుంది, ఎందుకంటే ఆ మెషీన్ కండరాన్ని బలపరచదు.

కొందరికి ఈ మెషీన్లు ప్రమాదం కూడా. గర్భిణులకి పొట్ట మీద, నడుం మీద వీటిని వాడకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి. షార్ట్ వేవ్ అనే వేడి మెషీన్ పెట్టేటప్పుడు కాపర్ టీ ఉందా, ఒంట్లో ప్లేట్లు, రాడ్లు ఉన్నాయా అని అడగాలి. అడగకపోతే మీరే చెప్పండి. సిజేరియన్ కుట్టు చుట్టూ చర్మం నెలల తరబడి మొద్దుబారి ఉంటుంది, అక్కడ కాపడం ఎక్కువైనా తెలియదు, కాలాక తెలుస్తుంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్ళకీ ఇదే జాగ్రత్త. కండరం అప్పుడే పట్టేసిన మొదటి రెండు రోజులు ఎవరికైనా వేడి కాపడం వద్దు, ఐసు మేలు.

ఇక వ్యాయామం. కోర్ అంటే సిక్స్ ప్యాక్ అనుకుంటారు. పైకి కనిపించే ఆ కండరం కంటే దాని వెనుక నడికట్టు కట్టినట్టు అడ్డంగా ఉండే లోపలి పొర, వెన్నుపూసల్ని పట్టి ఉంచే చిన్న కండరాలు, పైన ఊపిరి తీయించే డయాఫ్రం, కింద మూత్రాన్ని ఆపే కటి కండరాలు, ఇవన్నీ కలిసి పనిచేయడమే అసలు కోర్. అందుకే మంచి ఫిజియో మొదటి రోజు క్రంచెస్ చేయించరు, ఊపిరి తీసుకోవడం చూస్తారు. పక్కటెముకల కింద చెయ్యి పెట్టి, ఊపిరి వదిలేటప్పుడు కింది పొట్ట మెల్లగా లోపలికి వెళ్తోందా, లేక ఊపిరి బిగబట్టి పొట్టని బయటికి తోస్తున్నారా అన్నది పట్టుకుంటారు.

బాబాయిని తర్వాత తీసుకెళ్ళిన క్లినిక్‌లో ఒక మూట ఇచ్చి, యార్డులో ఎత్తినట్టే ఎత్తమన్నారు. ఊపిరి బిగబట్టి, నడుం మెలితిప్పి ఒక్క ఊపులో భుజానికి ఎక్కించాడు. నలభై కిలోలు దాటే టిక్కీని రోజంతా అలా ఎత్తితే పక్క కండరం చిరగక ఏం చేస్తుంది! ఎత్తేటప్పుడు ఊపిరి వదలడం, పాదాలు తిప్పి తర్వాత భుజం తిప్పడం నేర్పారు. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ ప్రచారంలోకి తెచ్చిన మూడు వ్యాయామాలు ఒక్కొక్కటీ కలిపారు. ఒకటి నడుం కింద చేతులు పెట్టుకుని తల, భుజాలు కొద్దిగా లేపడం. రెండోది పక్కకి తిరిగి మోచేతి మీద శరీరాన్ని నిలపడం. మూడోది చేతులు, మోకాళ్ళ మీద ఉండి కుడి చెయ్యి, ఎడమ కాలు చాపడం, తర్వాత అటుదిటు. ఒక్కో భంగిమ పది సెకన్ల లోపే. మెషీన్ అవసరం లేదు, చాప చాలు.

ఒక లెక్క గుర్తుంచుకోండి. కండరం కొద్దిగా పట్టేస్తే సాధారణంగా రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. చిరుగు కాస్త ఎక్కువైతే నెల, రెండు నెలలు పట్టవచ్చు. బలహీనత విషయానికొస్తే, మొదటి మూడు నాలుగు వారాల్లో కనిపించే మార్పు ఎక్కువగా నరాలు కండరాన్ని సరిగ్గా వాడుకోవడం నేర్చుకోవడం వల్ల. కండరం నిజంగా బలపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. "పది రోజుల ప్యాకేజీలో కోర్ సెట్ అయిపోతుంది" అంటే ఆ లెక్కకి పొసగదు. రోజూ క్లినిక్‌కి వెళ్ళి పడుకోవడం కంటే వారానికోసారి వెళ్ళి సరిచూసుకుని, రోజూ ఇంట్లో చేసుకోవడం మేలని నేను గట్టిగా చెబుతాను.

గవర్నమెంటు ఆసుపత్రి, ప్రైవేటు క్లినిక్, ఇంటికి వచ్చే ఫిజియో

నొప్పి దేనిదో ఇంకా తేలనివాళ్ళకి నా మొదటి ఓటు పెద్దాసుపత్రికి. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి), విజయవాడ ప్రభుత్వాసుపత్రి, రెండు ఊళ్ళ మధ్య మంగళగిరిలో ఉన్న ఎయిమ్స్, వీటిలో సర్జన్, గైనకాలజిస్టు, ఎముకల డాక్టరు ఒకే ఆవరణలో ఉంటారు. హెర్నియా అనుమానం వస్తే అక్కడికక్కడే ఇంకో గదికి పంపిస్తారు. ఖర్చు భారం దాదాపు ఉండదు. ఇబ్బంది టైముతో. ఓపీ క్యూ, మళ్ళీ ఫిజియో గది క్యూ. కూలికి వెళ్ళేవాళ్ళకి ఒక పూట పోతే ఆ పూట డబ్బులు పోయినట్టే, కాబట్టి ఉచితం అన్నది అందరికీ ఉచితం కాదు. ఒకసారి అక్కడ రోగం తేల్చుకుని, వ్యాయామాలు రాయించుకుని, తర్వాత ఇంటి దగ్గరి క్లినిక్‌లో కొనసాగించడం మంచి మార్గం.

ప్రైవేటు క్లినిక్‌ల సుగుణం సాయంత్రం పూట తెరిచి ఉండటం. ఆటోనగర్‌లో పనిచేసేవాళ్ళకీ, షాపులు చూసుకునేవాళ్ళకీ అదే పెద్ద సాయం. ఫీజు పోల్చేటప్పుడు సిట్టింగ్ ధర ఒక్కటే చూడకండి. ఉదాహరణకి ఒకచోట సిట్టింగ్‌కి 300, రోజూ రమ్మని 15 సిట్టింగులు అన్నారనుకోండి, 4,500 అవుతుంది. ఇంకోచోట 600 తీసుకుని, ముప్పావు గంట మీతోనే ఉండి, వారానికోసారి చొప్పున ఆరుసార్లు రమ్మంటే 3,600. పైగా మొదటి దానికి 15 రోజుల ఆటో ఛార్జీలు కలపాలి. ఖరీదుగా కనిపించిన చోటే తక్కువలో తేలుతుంది. ఇన్సూరెన్స్ ఉందని ధీమాగా ఉండొద్దు. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే ఫిజియోకి చాలా పాలసీలు డబ్బులివ్వవు. ఓపీ కవర్ ఉందేమో ముందే కనుక్కుని, డాక్టరు చీటీ, బిల్లులు దాచుకోండి.

ఇంటికి వచ్చే ఫిజియో బాలింతలకీ, ఆపరేషన్ అయినవాళ్ళకీ, మేడ మెట్లు దిగలేని పెద్దవాళ్ళకీ తగినది. ఖర్చు ఎక్కువ. అయితే కోర్ సమస్యకి పెద్ద సామాను అక్కర్లేదు గనక ఇంట్లో నష్టపోయేదేమీ లేదు. మీ మంచం ఎంత ఎత్తు, బిడ్డని ఉయ్యాలలోంచి ఎలా తీస్తున్నారు, గ్యాస్ బండ ఎవరు జరుపుతున్నారు అన్నవి ఆ మనిషి కళ్ళారా చూస్తారు. వచ్చినప్పుడు ఇంట్లో ఇంకొకరు ఉండేలా చూసుకోండి. బ్యాగులోంచి టెన్స్ పెట్టె తీసి పెట్టి, ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే మాత్రం రెండోసారి పిలవొద్దు.

బాలింతల సంగతి

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. అంతమందికి కోత పడుతోంది, కుట్లు విప్పాక పొట్ట కండరాల గురించి అడిగే నాథుడు లేడు.

గర్భంలో పొట్ట ముందు భాగపు రెండు కండరాలు మధ్యలో ఎడం అవుతాయి, మామూలు కాన్పైనా సరే. కాన్పు తర్వాత మొదటి ఎనిమిది వారాల్లో ఆ ఎడం చాలావరకు దానంతటదే తగ్గుతుంది. కొందరికి మిగిలిపోతుంది. మా అక్కని చూసిన ఫిజియో మేడమ్ వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిపించి, తల మాత్రం లేపమన్నారు. బొడ్డుకి పైన, కింద వేళ్ళు అడ్డంగా పెట్టి ఎన్ని వేళ్ళు దిగుతున్నాయో, అడుగున గట్టిగా తగులుతోందా మెత్తగా ఉందా చూశారు. రెండు వేళ్ళ వెడల్పు దాటితే ఎడం ఉందంటారు. ఎడం పూర్తిగా మూసుకోకపోయినా మధ్య పొర బిగువు పట్టి, పని చేసుకోగలిగితే అది కోలుకున్నట్టేనని ఆవిడ చెప్పినప్పుడు అక్క ముఖంలో టెన్షన్ దిగిపోయింది.

అమ్మమ్మలు కట్టే నడికట్టు కట్టుకోవచ్చు, షాపులో కొన్న బెల్టూ పెట్టుకోవచ్చు. మొదటి వారాల్లో లేవడానికి, దగ్గడానికి ధైర్యంగా ఉంటుంది. ఊపిరి ఆడనంత బిగిస్తే ఒత్తిడి కిందికి, కటి కండరాల మీదికి వెళ్తుంది. బెల్టు ఏదైనా కండరాన్ని పెంచదు, కాబట్టి నెలల తరబడి దాని మీదే ఆధారపడొద్దు. మెల్లగా ఊపిరి తీసే వ్యాయామం, ఇంట్లో నాలుగడుగులు డాక్టరు ఒప్పుకుంటే మొదటి రోజుల్లోనే మొదలుపెట్టవచ్చు. బరువులు, గట్టి వ్యాయామాలు మాత్రం ఆరు నుంచి ఎనిమిది వారాలయ్యాక, గైనకాలజిస్టు చూసి సరేనన్నాకే.

దగ్గినా, నవ్వినా మూత్రం చుక్కలు పడటం పిల్లల్ని కన్నాక మామూలేలే అని చాలామంది సర్దుకుపోతారు. సర్దుకోనక్కర్లేదు, కటి కండరాల వ్యాయామంతో చాలామందికి తగ్గుతుంది. సిగ్గు వల్ల చెప్పలేకపోతే ఫోన్‌లోనే "లేడీ ఫిజియో ఉన్నారా, కాన్పు తర్వాతి సమస్యలు చూస్తారా?" అని అడిగి వెళ్ళండి. ఉన్న చోటు ఇంటికి కాస్త దూరమైనా అదే ఎంచుకోండి.

యోగా, జిమ్, ఫోన్‌లో వీడియోలు

నొప్పి తగ్గి, పరీక్షలో తేడా ఏమీ లేదన్నాక యోగా చక్కగా పనికొస్తుంది. సేతుబంధాసనం, మార్జాలాసనం మెల్లగా చేయవచ్చు. కపాలభాతి, నౌకాసనం మాత్రం పొట్ట ఎడం ఉన్నవాళ్ళకీ, హెర్నియా ఉన్నవాళ్ళకీ, ఆపరేషన్ అయిన కొత్తలోనూ వద్దు. క్లాసులో ముప్పై మంది ఉంటే టీచర్‌కి మీ పొట్ట కనిపించదు, ముందే వెళ్ళి చెప్పుకోండి.

జిమ్ చివరి మెట్టు. తల లేపినప్పుడు పొట్ట మధ్యలో గట్టులా పైకి లేస్తుంటే ఆ వ్యాయామం మీకింకా బరువైనట్టు, తేలికదానికి దిగాలి. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి మర్నాడు, ఎల్లుండి పొట్ట నొప్పి పెట్టడం సహజం, వారంలోపు పోతుంది. భరించలేని నొప్పితో మూత్రం డికాక్షన్ రంగులో వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద భారం పడుతోందని అర్థం.

వీడియోలు నేర్చుకున్నది గుర్తు చేసుకోవడానికి బాగుంటాయి. మొదటి పరీక్ష వీడియోకాల్‌లో వద్దు.

ఫీజు కట్టే ముందు

బీపీటీ అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, నాలుగేళ్ళ చదువు, ఆపైన ఇంటర్న్‌షిప్. ఎంపీటీ అంటే దాని మీద పీజీ, ఇంకో రెండేళ్ళు. విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ పరిధిలో ఫిజియోథెరపీ కాలేజీలు ఉన్నాయి కాబట్టి చదువుకున్నవాళ్ళకి ఇక్కడ కొదవ లేదు. బోర్డు మీద పేరున్న మనిషే చూస్తారా, అసిస్టెంట్‌కి అప్పజెబుతారా అన్నది నిర్మొహమాటంగా అడగండి. మొదటి రోజు పరీక్షకి ఎంతసేపు కేటాయిస్తారు, ఇంట్లో చేయాల్సినవి కాగితం మీద రాసిస్తారా, మధ్యలో మానేస్తే ప్యాకేజీ డబ్బులు తిరిగిస్తారా? ఈ ప్రశ్నలకి విసుక్కునే చోట ముందుగా డబ్బు కట్టొద్దు. ఎక్కడైనా మొదట ఒక్క సిట్టింగ్‌కే కట్టి చూడండి.

మొదలుపెట్టిన రోజున రెండు మూడు పనులు రాసి పెట్టుకోండి. మంచం మీద నుంచి లేచేటప్పుడు నొప్పి పదికి ఎంత, బిడ్డని ఎత్తుకుని ఎంతసేపు నిలబడగలుగుతున్నారు, ఎన్ని మెట్లు ఎక్కాక లాగుతోంది. వారానికోసారి అవే మళ్ళీ చూసి రాయండి. ఇంటి వ్యాయామాలు మానకుండా చేసినా నాలుగు వారాలకి ఆ అంకెల్లో కదలిక లేకపోతే ఇంకో ప్యాకేజీ తీసుకోకుండా, ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి తిరిగి వెళ్ళండి.